పరదేశంలో ఏటీఎం కార్డు పదిలమేనా?

హజ్‌కు వెళ్లే పెద్దలు నడుముకు బెల్టు కట్టుకుని, అందులో రియాళ్ల నోట్లు మడిచి దాచుకోవడం మన ఇళ్లలో అందరూ చూసిందే. హజ్ కమిటీ ద్వారా వెళ్లే యాత్రికులు తలకు 2,100 రియాళ్లు కమిటీ ద్వారానే తీసుకోవాలన్న నిబంధన అంతకుముందు ఉండేది. 2023 హజ్ విధానంలో దాన్ని తొలగించారు. ఎవరికి కావలసిన విదేశీ ద్రవ్యాన్ని వారే సమకూర్చుకోవచ్చునన్నారు. స్టేట్ బ్యాంకు ఆ ఏడాది యాత్రికులకు ఫారెక్స్ కార్డులు కూడా అందజేసింది. ఇక ఉమ్రాకు వెళ్లేవారి సంగతి చెప్పనక్కరలేదు, ఖర్చంతా ఎవరి జేబు వారిదే. గల్ఫ్‌లో పనిచేసే మన పిల్లల్లో చాలామందికి జీతం కార్డులోనే పడుతోంది. ఆ విధంగా బెల్టులోని నోట్ల స్థానంలోకి కార్డు వచ్చి చేరింది.

నోట్లు పోతే ఆ నోట్లే పోతాయి. కార్డు నకలు దొంగ చేతికి చిక్కితే మాత్రం పరదేశంలో ఉన్న మనిషికి తెలియకుండానే ఊళ్లోని ఖాతా ఖాళీ అవుతుంది. ఆ ఖాతాలో ఉన్నది ఆడపిల్ల పెళ్లికని దాచిన సొమ్ము కావచ్చు, అన్నదమ్ములు నమ్మి అప్పగించిన అమానత్ కావచ్చు. కార్డు జేబులోనే ఉంటుంది, డబ్బు మాత్రం ఉండదు. ఈ మోసానికే స్కిమ్మింగ్ అని పేరు.

క్యాసెట్ నుంచి క్యాసెట్‌కు

గల్ఫ్ నుంచి టేప్ రికార్డర్లు తెచ్చుకున్న రోజులు గుర్తున్నవారికి ఈ మోసం అర్థం కావడం చాలా తేలిక. కార్డు వెనుక ఉండే నల్లని పట్టీ, క్యాసెట్‌లోని టేపు ఒకే జాతివి. రెండింటిలోనూ సమాచారం అయస్కాంతపు పొడి మీద నమోదై ఉంటుంది. ఒక క్యాసెట్‌లోని ఖవ్వాలీని మరో క్యాసెట్‌లోకి ఎక్కించుకున్నట్లే, ఒక కార్డు పట్టీలోని సమాచారాన్ని మరో కార్డు మీదికి ఎక్కించవచ్చు. అసలు క్యాసెట్ ఏమీ చెడిపోదు, తనను ఎవరో నకలు తీశారని దానికి తెలియనూ తెలియదు.

దొంగలు చేసేది ఇదే. ఏటీఎంలో కార్డు పెట్టే రంధ్రానికి అచ్చం అలాంటిదే మరో మూతి తగిలిస్తారు. కార్డు లోపలికి వెళ్లేటప్పుడు అది పట్టీని చదివేస్తుంది. కొన్ని పరికరాలు పైకి కనిపించకుండా రంధ్రం లోపలే కూర్చుంటాయి. అయితే పట్టీ ఒక్కటే ఉంటే యంత్రం నోట్లు ఇవ్వదు, పిన్ నంబరు కూడా కావాలి. అందుకోసం ఆవగింజంత కన్నం చేసి పైన కెమెరా అమరుస్తారు, లేదా అంకెల పలక మీద దొంగ పలక అతికిస్తారు. 2016 ఆగస్టులో తిరువనంతపురంలో బయటపడిన కేసులో కెమెరా దాచిన పరికరం ఏటీఎం గదిలో పొగను కనిపెట్టే యంత్రంలా కనిపించింది. ఎవరికీ అనుమానం రాలేదు. కార్డుల సమాచారం కేరళలో దొంగిలించారు, డబ్బు తీసింది ముంబయిలో. ఆ కేసులో పట్టుబడినవారు రుమేనియా దేశస్థులు.

మరి చిప్ సంగతి ఏమిటని అడగవచ్చు. మన బ్యాంకులు పట్టీ మాత్రమే ఉన్న కార్డులను మార్చి చిప్ కార్డులు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2018 డిసెంబర్ 31 గడువు పెట్టింది. చిప్ ప్రతి లావాదేవీకీ కొత్త సంకేతం తయారు చేస్తుంది. ఒకసారి పనిచేసిన సంకేతం రెండోసారి చెల్లదు కాబట్టి, దాన్ని పట్టుకున్నా దొంగకు లాభం లేదు. చిక్కల్లా ఏమిటంటే చిప్ కార్డుకు కూడా వెనుక నల్లపట్టీ ఇంకా ఉంది. చిప్ అడగకుండా పట్టీతోనే పని కానిచ్చే యంత్రం ఏదో ఒక దేశంలో దొరికితే నకలు కార్డు అక్కడ చెల్లుతుంది. మాస్టర్‌కార్డ్ సంస్థ 2021లో చేసిన ప్రకటన ప్రకారం ఆ సంస్థ కార్డుల మీద పట్టీ పూర్తిగా కనుమరుగయ్యేది 2033 నాటికి. అంతవరకూ ఈ బెడద తప్పదు.

పట్టీ ఎంత బలహీనమైనదో గల్ఫ్ బ్యాంకులకు 2013లోనే తెలిసివచ్చింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఒమన్‌కు చెందిన బ్యాంక్ మస్కట్ ప్రీపెయిడ్ కార్డులు 12 మాత్రమే నకలు చేసి, 24 దేశాల్లో దాదాపు 10 గంటల్లో 4 కోట్ల డాలర్లు తీసుకుపోయారు. సుమారు 36,000 సార్లు యంత్రాల నుంచి నోట్లు లాగారని అమెరికా ప్రాసిక్యూటర్లు ఆ ఏడాది మే నెలలో వెల్లడించారు. అక్కడ సమాచారం దొంగిలించింది ఏటీఎం మూతి దగ్గర కాదు, కార్డుల లెక్కలు చూసే సంస్థ కంప్యూటర్లలోకి చొరబడి. కానీ తర్వాత జరిగింది అదే, పట్టీ ఉన్న ఏ ప్లాస్టిక్ ముక్క మీదికైనా సమాచారం ఎక్కించి వాడుకోవడమే.

యంత్రం ముందు

వీలైనంతవరకు బ్యాంకు శాఖ లోపల ఉన్న యంత్రాన్నే వాడాలి. హరమ్ చుట్టుపక్కల ఇషా నమాజు అయ్యాక జనం వెల్లువలా బయటికి వస్తుంటారు. ఆ తొక్కిడిలో, వెనుక పదిమంది నిలబడి తొందరపెడుతుండగా, ఎవరూ యంత్రాన్ని పరిశీలించలేరు. పగటిపూట, రద్దీ తగ్గాక వెళ్లడమే మంచిది. కార్డు పెట్టే ముందు ఆ మూతిని పట్టుకుని కాస్త గట్టిగా కదిపి చూడండి. అసలైనది ఊడిరాదు. పక్కనే మరో యంత్రం ఉంటే రెండింటి మూతులనూ పోల్చి చూడండి. అంకెల పలక మరీ ఎత్తుగా ఉన్నా, నొక్కితే మెత్తగా అనిపించినా అక్కడి నుంచి వచ్చేయడమే మేలు.

పిన్ కొట్టేటప్పుడు రెండో అరచేతిని పైన గొడుగులా పట్టండి. చూడటానికి ఇది చిన్న పనే. కానీ కెమెరా పెట్టిన దొంగకు పిన్ దక్కదు, పిన్ లేని నకలు కార్డుతో ఏటీఎం నుంచి డబ్బు రాదు. లోపలి పరికరం కంటికి కనిపించకపోవచ్చు గానీ మన చెయ్యి మన అదుపులోనే ఉంటుంది కదా! దుకాణాల్లో కార్డును ఇచ్చి గీయించుకోవడం కంటే యంత్రానికి తాకించి చెల్లించడం నయం, అక్కడ పట్టీ ప్రసక్తే రాదు.

యంత్రం కార్డు మింగేసినప్పుడు పక్కనుంచి వచ్చి, 'పిన్ మళ్లీ కొట్టండి హాజీ సాబ్' అని సాయం చేయబోయే మనిషిని దూరంగానే ఉంచాలి. కార్డు లోపల ఇరుక్కునేలా చేసి, పిన్ చూసి, మనం వెళ్లాక దాన్ని బయటికి లాగే దొంగలూ ఉన్నారు.

ఇక్కడ మన అలవాటు ఒకటి చెప్పుకోవాలి. గ్రూపులో వెళ్లిన పెద్దవాళ్లు, ముఖ్యంగా చదువు రాని అమ్మీలు, నానీమాలు, కార్డును గ్రూపు లీడరుకో, గదిలో ఉండే కుర్రాడికో ఇచ్చి 'బేటా, ఓ రెండొందల రియాళ్లు తెచ్చిపెట్టు' అంటారు. పిన్ కూడా ఓ కాగితం మీద రాసి కార్డుకే చుట్టి ఇస్తారు. ఆ కుర్రాడు నిజాయితీపరుడే కావచ్చు. కానీ అతను అరచెయ్యి అడ్డం పెట్టాడో లేదో ఎవరికి తెలుసు? అంతకంటే పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. పిన్‌ను ఇతరులకు చెప్పడాన్ని బ్యాంకు ఖాతాదారు నిర్లక్ష్యంగా లెక్కగడుతుంది. అలా పోయిన సొమ్ములో, ఫిర్యాదు చేసే క్షణం వరకు పోయిందంతా ఖాతాదారు నెత్తినే పడుతుంది. కుర్రాడిని వెంట తీసుకువెళ్లండి, మెనూ చదివించుకోండి, పిన్ మాత్రం మీ వేలితోనే కొట్టండి. నాలుగంకెలు గుర్తుండవనుకునే పెద్దలకు కార్డు ఇవ్వకుండా నోట్లు ఇచ్చి పంపడమే ఉత్తమం. ఇందులో నామోషీ ఏమీ లేదు.

ఇల్లు కదలక ముందు

అసలు ఖాతా కార్డును ఇంట్లోనే వదిలి, ఫారెక్స్ కార్డులో అవసరమైనంతే వేసుకుంటే, దొంగకు చిక్కినా అంతవరకే పోతుంది. లేదంటే వేరే చిన్న ఖాతా తెరిచి దాని కార్డు తీసుకెళ్లవచ్చు. రిజర్వ్ బ్యాంకు 2020లో తెచ్చిన నిబంధన ఒకటి మనకు ఎంతో మేలు చేసింది. కొత్తగా ఇచ్చే కార్డులు దేశం లోపల మాత్రమే పనిచేస్తాయి. విదేశీ వాడకాన్ని ఖాతాదారే తెరవాలి, కావలసినప్పుడు మూయవచ్చు, రోజుకు ఇంత అని పరిమితీ పెట్టవచ్చు. ఫోన్‌లోని బ్యాంకు యాప్‌లో ఇది నిమిషం పని. పెద్దవాళ్లకు పిల్లలు నేర్పించాలి. డబ్బు తీసే ముందు తెరిచి, తీశాక మూసేస్తే, నకలు కార్డు ఏ దేశంలో పెట్టినా యంత్రం తిరస్కరిస్తుంది.

చాలామంది సౌదీలో దిగగానే అక్కడి సిమ్ వేసుకుని, మన సిమ్ తీసి డబ్బాలో పడేస్తారు. బ్యాంకు పంపే సందేశం ఆ పాత నంబరుకే వస్తుంది. డబ్బు పోతున్న సంగతి నెల తర్వాత ఇంటికొచ్చాక గానీ తెలియదు. మన సిమ్‌కు రోమింగ్ చేయించుకోవాలి, ఖాతాకు ఇంట్లో ఎవరైనా చూసే ఈమెయిల్ కూడా జతచేయించాలి. 1800తో మొదలయ్యే ఉచిత నంబర్లు విదేశాల నుంచి సాధారణంగా కలవవు. బ్యాంకును అడిగి 91తో మొదలయ్యే నంబరు రాసిపెట్టుకోండి, కార్డు ఉన్న పర్సులో కాకుండా విడిగా.

పోతే ఏం చేయాలి? ముందు కార్డును యాప్‌లోనే నిలిపివేసి, వెంటనే బ్యాంకుకు ఫిర్యాదు చేసి, ఫిర్యాదు నంబరు తీసుకోవాలి. ఊళ్లో ఉన్నవారు 1930కి ఫోన్ చేసి సైబర్ నేరాల విభాగానికి కూడా తెలపవచ్చు. రిజర్వ్ బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక మూడోవాళ్లది అయినప్పుడు, బ్యాంకు సమాచారం అందిన రోజును మినహాయించి 3 పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే ఖాతాదారు ఒక్క రూపాయి కూడా భరించనక్కరలేదు. 4 నుంచి 7 పనిదినాల మధ్య చేస్తే సాధారణ సేవింగ్స్ ఖాతాకు గరిష్ఠంగా 10,000 రూపాయల వరకు భారం పడుతుంది. అది దాటితే బ్యాంకు విధానాన్ని బట్టి ఉంటుంది. పనిదినాలను లెక్కించేది ఊళ్లోని మన శాఖ లెక్క ప్రకారమే, సౌదీలో సెలవు ఏ రోజన్నది దానికి పట్టదు. తప్పు ఖాతాదారుదే అనుకుంటే దాన్ని రుజువు చేయాల్సిన బాధ్యత బ్యాంకుదని కూడా అందులోనే ఉంది. ఇలాంటి నిబంధనలు మధ్యమధ్య మారుతుంటాయి కనుక, బయలుదేరే ముందు మీ శాఖలో ఒకసారి అడిగి తెలుసుకోండి. గల్ఫ్ యజమాని ఇచ్చిన జీతం కార్డుకు ఈ ఆదేశాలు వర్తించవు, ఆ కార్డు ఇచ్చిన అక్కడి బ్యాంకునూ, అక్కడి పోలీసులనూ ఆశ్రయించాలి.

ఏటీఎం ఇచ్చిన చీటీలను పారేయకండి. మీరు మక్కాలో ఉన్న రోజున మరో దేశంలో డబ్బు తీసి ఉంటే, పాస్‌పోర్టు మీది ప్రయాణ వివరాలూ, ఆ చీటీలూ మీ తరఫున సాక్ష్యం చెబుతాయి. దొంగలు నకలును వెంటనే వాడాలని లేదు, వారాల తరబడి దాచి ఉంచుకోనూవచ్చు. అందుచేత తిరిగొచ్చిన వెంటనే విదేశీ వాడకాన్ని మూసేసి, పిన్ మార్చి, మరో రెండు నెలలపాటు పాస్‌బుక్కును తరచుగా అచ్చు వేయించి చూసుకుంటూ ఉండాలి.