327 డిగ్రీలు సులువే, 3.5 మైక్రోగ్రాములతోనే చిక్కు

అమెరికాలోని ఫైరింగ్ రేంజ్‌లలో గురిబోర్డుల వెనక ఎత్తుగా మట్టికట్ట పోస్తారు. పేల్చిన తూటా అందులో దిగబడి ఆగిపోతుంది. 9 ఎం.ఎం. పిస్టల్ తూటా ఒకటి సాధారణంగా 115 గ్రెయిన్ల బరువుంటుంది, అంటే దాదాపు ఏడున్నర గ్రాములు. రోజుకు వెయ్యి తూటాలు పేలే రేంజ్‌లో ఏడాది తిరిగేసరికి 2.7 టన్నుల లోహం, చాలావరకు సీసమే, ఆ కట్టలో చేరుతుంది.

1990ల చివర్లో అమెరికా ఏటా తయారుచేసిన 20 లక్షల టన్నుల సీసంలో సుమారు 80 వేల టన్నులు, అంటే 4 శాతం, తూటాలకూ వేటతుపాకుల గుళ్లకూ పోయేదని ఆ దేశ పర్యావరణ పరిరక్షణ సంస్థ (ఈపీఏ) లెక్కగట్టింది. ఖనిజం నుంచి నేరుగా సీసం తీసే ఆఖరి కార్ఖానా, మిస్సోరీలోని హెర్క్యులేనియంలో, 2013 చివర మూతపడింది. ఇప్పుడక్కడ తయారయ్యే సీసమంతా పాతదాన్ని కరిగించి తీసిందే. అందులో సింహభాగం బ్యాటరీలది. రేంజ్‌లో ఏరిన తూటాలను ఇంటి పెరట్లో కరిగించి, మళ్లీ తూటాలుగా పోత పోసుకునే షూటర్లూ అక్కడ ఉన్నారు.

ఆ పని చూసేవాళ్లకు భయం పుట్టించేది కొలిమి వేడి. లెక్కలు తీసి చూస్తే ప్రమాదం వేరేచోట్ల కనిపిస్తుంది.

327: కరగడానికి పెద్ద మంట అక్కర్లేదు

సీసం 327.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. తూటాలోని సీసం చుట్టూ ఉండే తొడుగు సాధారణంగా 95 శాతం రాగి, 5 శాతం జింకు కలిసిన లోహం. అది కరగాలంటే వెయ్యి డిగ్రీలు దాటాలి. ఈ రెంటి మధ్య తేడాయే మొత్తం పనికి ఆధారం. సీసం కరిగి కిందికి జారుతుంది, తొడుగులు కరగకుండా మిగులుతాయి. కరిగిన సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 10.66 గ్రాములు, రాగిది 8.96, ఇనుముది 7.87. అందుకే తొడుగులూ ఇనుప ముక్కలూ పైకి తేలతాయి, చిల్లుల గరిటెతో తీసేయొచ్చు.

కిలో సీసాన్ని 30 డిగ్రీల నుంచి కరిగేదాకా వేడి చేయడానికి పట్టే శక్తి 63 కిలోజౌళ్లు. లీటరు నీళ్లు మరిగించడానికి 290 దాకా కావాలి. టీకి నీళ్లు కాగే వేడితో నాలుగు కిలోలకు పైగా సీసం కరుగుతుందన్నమాట. కాబట్టి మంట పెంచి తొందరపడితే ఒరిగేదేమీ లేదు, నష్టమే ఉంది. జింకు 419 డిగ్రీల దగ్గర కరుగుతుంది. థర్మామీటరు పెట్టి 400 దాటకుండా చూసుకుంటే పొరపాటున పడిన జింకు ముక్కలు కరిగి సీసాన్ని పాడుచేసేలోపు ఏరేయొచ్చు. గ్యాస్ టార్చి మంటను సీసం మీదికే తిప్పడం మాత్రం పనికిరాదు.

170: తూటా కానిది కుప్పలో ఉంటే

రేంజ్ నుంచి తెచ్చిన కుప్పలో అన్నీ పేలిన తూటాలే ఉంటాయన్న నమ్మకం లేదు. పేలని రౌండ్లు కూడా కిందపడి మట్టిలో కలిసిపోతుంటాయి. తూటాకు ఇత్తడి గొట్టం ఇంకా అంటుకుని ఉంటే అది పేలని రౌండే. లోపలి మందు దాదాపు 170 డిగ్రీల దగ్గరే అంటుకుంటుంది, అంటే సీసం కరగడానికి సగం దూరంలోనే. మూకుడులో అది పేలిందంటే కరుగుతున్న సీసం మొహం మీదికి చిమ్ముతుంది.

రెండోది ట్రేసర్ తూటా. వెళ్లే దారి కనిపించేలా వెనక భాగంలో మండే మందు నింపుతారు. అమెరికా సైనిక తూటాల్లో ముక్కుమీద నారింజ లేదా ఎరుపు రంగు దానికి గుర్తు. మట్టిలో నానిన తూటా మీద ఆ రంగు చెరిగిపోయి ఉండొచ్చు. అందుకే ఎక్కడ పేలిందో, ఏ రకమో తెలియని సైనిక తూటాలను పక్కన పెట్టడమే మంచిది. కుప్పంతా బల్ల మీద పరిచి, వెలుతురులో ఒక్కొక్కటీ చేత్తో తిప్పి చూడాలి. కరిగించడంకన్నా దీనికే ఎక్కువ సమయం పడుతుంది, పట్టాలి కూడా.

2,700: ఒక్క చుక్క నీరు

327 డిగ్రీల సీసంలో పడిన నీరు 2,700 రెట్లు పెరిగి ఆవిరవుతుంది. చుక్క నీరు 0.05 మిల్లీలీటరు అనుకుంటే, కరిగిన సీసం అడుగున క్షణంలో 135 మిల్లీలీటర్ల ఆవిరి పుడుతుంది. పైనున్న సీసాన్ని అది పేల్చి ఎగరేస్తుంది. మట్టికట్టలో వానకు తడిసిన తూటా తొడుగు మడతల్లో ఆ చుక్క దాక్కునే ఉంటుంది. పైకి పొడిగా కనిపించినా సరే.

దీనికి విరుగుడు ఒకటే. చల్లటి మూకుడులోనే తూటాలన్నీ వేసి, మూతపెట్టి, నిదానంగా వేడి చేయాలి. కరిగిన సీసంలో తర్వాత మరో తూటా వేయకూడదు. గరిటె, చెంచా, దిమ్మలు పోసే అచ్చు కూడా ముందే వేడి చేసి తడి ఆర్చాలి.

సీసం గది వేడి నుంచి కరిగేసరికి 6 శాతం పైగా ఉబ్బుతుంది. మామూలు తూటా తొడుగుకు అడుగున సందు ఉంటుంది కాబట్టి ఆ ఉబ్బు బయటికి కారిపోతుంది. అన్ని వైపులా రాగిపూత పోసిన తూటాకు సందే ఉండదు. దాన్ని ముందే కట్టర్‌తో నొక్కి చీలిక పెట్టకపోతే తొడుగు పగిలి సీసం చిమ్ముతుంది, లేదా లోపలే ఉండిపోతుంది.

3.5: కళ్లకు కనిపించని భాగం

సీసం పొగ పీల్చితే పోతామని చాలామంది అనుకుంటారు. సీసం మరిగేది 1,749 డిగ్రీల దగ్గర. 400 లోపు దాని నుంచి లేచే ఆవిరి అత్యల్పం. అసలు బెడద మడ్డి. కరిగిన సీసం మీద తెట్టులా కట్టే బూడిదరంగు పొడి, తొడుగులకు అంటుకున్న దుమ్ము, ఆరుబయట ఊడ్చిన చెత్త, అన్నిటిలోనూ సీసం ఆక్సైడ్ ఉంటుంది. అది ముక్కులోకన్నా చేతుల మీదుగా నోట్లోకి ఎక్కువగా పోతుంది.

అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2021లో పిల్లల రక్తంలో సీసానికి హెచ్చరిక మట్టాన్ని డెసీలీటరుకు 5 నుంచి 3.5 మైక్రోగ్రాములకు తగ్గించింది. రెండేళ్ల బిడ్డ ఒంట్లో రక్తం లీటరుకు అటూఇటూగా ఉంటుంది. అంటే మొత్తం 35 మైక్రోగ్రాములతోనే ఆ గీత దాటుతుంది. ఒక 9 ఎం.ఎం. తూటాలో ఆరు గ్రాముల సీసం ఉందనుకుంటే, దాదాపు 1,70,000 మంది బిడ్డలను ఆ గీతకు చేర్చేంత సరుకు అందులో ఉంది. మింగిన సీసంలో పెద్దవాళ్ల ఒంటికి పట్టేది పదో వంతు చిల్లరైతే, పిల్లలకు సగం దాకా పడుతుంది. రక్తంలోని సీసం నెలకు సగం తగ్గుతుంది, ఎముకల్లో చేరింది దశాబ్దాలపాటు ఉంటుంది.

అందుకే ఈ పని ఇంటికి దూరంగా ఆరుబయటే చేయాలి. పీ100 ఫిల్టరున్న మాస్కు, మొహం మొత్తం కప్పే కవచం, తోలు చేతితొడుగులు, మూసిన బూట్లు తప్పనిసరి. వంటకు వాడే పాత్రలు వాడకూడదు. మడ్డిని పొడి చీపురుతో ఊడ్వకుండా మూత బిగిసే డబ్బాలో పెట్టి ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వాలి. ఈ పనిలో వేసుకున్న బట్టలను ఇంటివాళ్ల బట్టలతో కలపకూడదు. చేతులు సబ్బుతో కడగకుండా తిండి ముట్టకూడదు.

మనకేం సంబంధం

టెక్సస్‌లోనో ఒహాయోలోనో రేంజ్‌కు వెళ్లే తెలుగువాళ్లకు ఈ లెక్కలు నేరుగా వర్తిస్తాయి. భారత్‌లోనైతే 1959 నాటి ఆయుధాల చట్టం మందుగుండు నిర్వచనంలో దాని భాగాలనూ చేర్చింది. కాబట్టి ఎక్కడైనా తూటా దొరికితే దాన్ని కదపకుండా పోలీసులకు చెప్పాలి. కానీ సీసం కరిగించడం మనకూ ఉంది. తీరంలో వలల అడుగుతాడుకు కట్టే గుళ్లు సీసంవే. పాత బ్యాటరీలు పగలగొట్టి పెరట్లో కరిగించేవాళ్లూ ఉన్నారు. భారత్‌లో 27.5 కోట్లమంది పిల్లల రక్తంలో సీసం 5 మైక్రోగ్రాములు దాటిందని యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థల 2020 నివేదిక అంచనా. నీటిచుక్కకూ మడ్డికీ తూటా సీసమని, బ్యాటరీ సీసమని తేడా లేదు.

లాభం సంగతి కూడా చూద్దాం. వెయ్యి తూటాల బరువు ఏడున్నర కిలోలు. తొడుగుల వాటా ఐదో వంతు తీసేస్తే ఆరు కిలోల సీసం. అంతర్జాతీయ మార్కెట్లో టన్ను సీసం 2,000 డాలర్లు అనుకుంటే దాని విలువ 12 డాలర్లు. మాస్కు, మొహం కవచం ఖరీదే అంతకు మించుతుంది. సొంతంగా తూటాలు పోసుకునే షూటర్‌కు తప్ప, మిగతావాళ్లకు ఆ కుప్పను కరిగించకుండానే స్క్రాప్ వ్యాపారికి అమ్మడం లాభం. అమెరికాలో రీసైక్లింగ్‌కు పంపే తూటా సీసాన్ని ఈపీఏ ప్రమాదకర వ్యర్థంగా కాక తుక్కులోహంగానే చూస్తుంది. ఆ వెసులుబాటు వాడుకుంటే 327 డిగ్రీల దాకా వెళ్లే అవసరమే రాదు.