పడుకుంటే పోయే తలనొప్పి

నందిగామలో మా వదినకు సంక్రాంతి వెళ్ళిన వారానికి తలనొప్పి పట్టుకుంది. తలనొప్పి ఎవరికి రాదు గనుక! శొంఠి పట్టు వేశారు, కళ్ళజోడు మార్పించారు. చూసి వద్దామని జగ్గయ్యపేటనుంచి నేను వెళ్ళేసరికి ఆవిడ మంచంమీద పడుకుని హాయిగా కబుర్లు చెప్పింది. కాఫీ పెడతానని లేచిన పావుగంటకల్లా మెడ పట్టుకుని గోడకు చేరగిలబడిపోయింది. మళ్ళీ పడుకోగానే నొప్పి మాయం!

"పని తప్పించుకునే తలనొప్పి" అని మా అమ్మ గొణిగింది కూడాను.

మొదట చూసిన డాక్టరు పార్శ్వపు నొప్పి అన్నారు. తలకు సి.టి. తీయిస్తే ఏ దోషమూ లేదు. నెల గడిచింది. చివరకు బెజవాడలో నరాల డాక్టరుగారు మొట్టమొదటే అడిగారు: "పడుకుంటే తగ్గుతుందా అమ్మా?"

మెదడూ వెన్నుపామూ ఒక నీటిలో తేలుతుంటాయట. అది మొత్తం 150 మిల్లీలీటర్లు, అంటే చిన్న గ్లాసుడు. రోజుకు 500 దాకా కొత్తగా ఊరుతూ, అంతా రక్తంలోకి ఇంకుతూ ఉంటుంది. వెన్ను చుట్టూ ఉన్న పొర ఏ దెబ్బా తగలకుండానే ఎక్కడో చిరిగితే నీరు లోలోపలే కారిపోతుంది. బయటికి చుక్క కనబడదు. మనిషి నిలబడితే ఆధారం చాలక మెదడు కిందికి జారుతుంది. దాంతో నొప్పి. జర్మనీ వైద్యుడు షాల్టెన్‌బ్రాండ్ 1938లోనే ఈ జబ్బును వర్ణించాడు గాని, దాన్ని చూపించే బొమ్మలు అప్పటికి లేవు.

నరానికి గాడోలినియం మందు ఎక్కించి ఎమ్.ఆర్.ఐ. తీశారు. మెదడు చుట్టూ పొర తెల్లగా, ఒకే తీరుగా మెరిసింది. చెరువులో నీరు తగ్గిందని తెలిసింది, సరే. కట్టకు బుంగ ఎక్కడ? అందుకు వెన్నంతా మళ్ళీ ఎమ్.ఆర్.ఐ. తీశారు. అదీ చాలక, నడుములో సూదితో మందు ఎక్కించి సి.టి. తీస్తే ఛాతీ వెనుక భాగాన చోటు దొరికింది. కొందరికి ఈ నీరు తిన్నగా సిరలోకే పోతుందనీ, ఆ దారిని 2014లోగాని గుర్తించలేదనీ డాక్టరుగారు చెప్పారు. తల బొమ్మ మామూలుగా వచ్చినంత మాత్రాన జబ్బు లేదనడానికి వీల్లేదట.

వదిన చేతినుంచే రక్తం తీసి, వెన్నులో ఆ పొర వెలుపల ఎక్కించారు. అదే అతుకు! మొదటిది పదిరోజులే నిలిచింది. రెండోసారి కుదిరింది.

కొన్నాళ్ళు వంగవద్దనీ, బరువులు ఎత్తవద్దనీ చెప్పి పంపారు. నీళ్ళబిందె ఇప్పుడు మా అమ్మే ఎత్తుతోంది, గొణక్కుండా.