బజారులో వచ్చిన తెలుగు పరీక్షలో ఎందుకు రాదు?

మెదక్ పట్టణంలో ముస్లిం ఇంట పుట్టిన పిల్లలకు బడి ఈడు వచ్చేసరికే మూడు భాషలు చెవిన పడతాయి. ఇంట్లో అమ్మీతో, దాదీతో మాట్లాడేది దక్కనీ ఉర్దూ. కిరాణా కొట్టులో, బస్టాండులో, ఆటల్లో తెలుగు. బడిలో పుస్తకం తెరిస్తే చాలామందికి ఇంగ్లీషు. వీధిలో బేరమాడి సామాను తెచ్చే పిల్లవాడు, మూడు భాషల్లోనూ చలాకీగా జవాబు చెప్పే పిల్ల, పరీక్షలో మాత్రం వెనుకబడతారు. అప్పుడు 'వీడికి బుర్ర లేదు' అని తేల్చేస్తాం. ఆడపిల్ల అయితే 'ఇక చదువు చాలు' అనేస్తాం.

ఈ తీర్పు న్యాయమైనదేనా? విశ్వవిద్యాలయాల్లోని విద్యా విభాగాలు పరిశోధించే ప్రశ్నల్లో ఇదీ ఒకటి. అక్కడ తేలిన విషయం మన ఇళ్ళకు చేరితే ఎందరో పిల్లల చదువు నిలబడుతుంది.

మాట్లాడే భాష, చదివే భాష

కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయపు విద్యా సంస్థలో చిరకాలం పనిచేసిన ఆచార్యుడు జిమ్ కమిన్స్. పరాయి దేశాల నుంచి వచ్చి అక్కడి బడుల్లో చేరిన పిల్లల చదువును ఆయన పరిశీలించారు. భాష రెండు రకాలుగా పనిచేస్తుందని 1979లో విడదీసి చూపారు. ఒకటి నలుగురిలో మాట్లాడుకునే భాష. ఇది సుమారు రెండేళ్ళలో పట్టుబడుతుంది. రెండవది పాఠం చదివి అర్థం చేసుకుని, కారణం చెబుతూ జవాబు రాసే భాష. ఇందులో ఆ భాషే ఇంటి భాషగా గల పిల్లలను అందుకోవడానికి 5 నుంచి 7 సంవత్సరాలు పడుతుంది.

బజారులో వచ్చిన తెలుగు పరీక్షలో రాకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. లోపం బుర్రలో లేదు. ఆ భాషకు కావలసిన కాలం ఇంకా పూర్తి కాలేదు, అంతే.

ఇప్పుడు మన లెక్క చూసుకుందాం. 2016 నుంచి తెలంగాణలో నడుస్తున్న మైనారిటీ గురుకులాల్లో 5వ తరగతిలో ప్రవేశం, బోధన ఇంగ్లీషులో. అంతవరకు ఉర్దూలో చదివిన అమ్మాయి అక్కడ చేరితే, చదువుకు సరిపడే ఇంగ్లీషు పట్టుబడేసరికి 10వ తరగతి వచ్చేస్తుంది. మధ్యలో 7వ తరగతిలో మార్కులు తగ్గాయని బడి మాన్పిస్తే, నాటిన మొక్కను వేరూనకముందే పెరికివేసినట్లు. ఒక ఏడాది ఉర్దూ, ఒక ఏడాది తెలుగు, మరో ఏడాది ఇంగ్లీషు అని మాధ్యమాలు మారుస్తూ పోయినా అంతే. ప్రతిసారీ లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది.

ఇంటి భాష అడ్డంకి కాదు

'ఇంట్లో ఉర్దూ మానేస్తే ఇంగ్లీషు త్వరగా వస్తుంది' అని కొందరు తల్లిదండ్రులు భావిస్తారు. పరిశోధన చెప్పేది ఇందుకు భిన్నంగా ఉంది. ఒక భాషలో గట్టిగా అర్థమైన విషయం మరో భాషలోకి వెంట వస్తుంది. 'ఆధా', 'పావ్' అంటే ఏమిటో ఇంటి భాషలో తెలిసిన పిల్లకు భిన్నాల పాఠంలో మాట మాత్రమే కొత్త, విషయం పాతదే. ప్రాథమిక విద్య మాతృభాషలో ఉండడం మేలని యునెస్కో 1953లోనే చెప్పింది. వీలైనచోట కనీసం 5వ తరగతి వరకు ఇంటి భాషలో బోధించాలని 2020 జాతీయ విద్యా విధానం కూడా పేర్కొన్నది.

ఈ విషయంలో మన హైదరాబాదుకే గొప్ప అనుభవం ఉంది. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉన్నత విద్య ఉర్దూలో సాగింది. అందుకు కావలసిన పుస్తకాల కోసం 1917లోనే అనువాద సంస్థను నెలకొల్పారు. అయినా ఇంగ్లీషును వదిలివేయలేదు, దానిని తప్పనిసరి పాఠ్యాంశంగా ఉంచారు. అర్థం చేసుకోవడానికి ఒక భాష, లోకంతో వ్యవహరించడానికి మరో భాష. ఒకటి నిలవడానికి మరొకటి పోనక్కరలేదు.

అపోహలను తొలగించేది పరిశోధనే

ముస్లిం పిల్లల్లో అత్యధికులు మదర్సాలకే వెళతారని దేశంలో చాలామంది నమ్మేవారు. 2005లో ఏర్పడి 2006 నవంబరులో నివేదిక ఇచ్చిన జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ లెక్కలు తీసి చూస్తే, బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదర్సాలకు వెళ్ళేవారు సుమారు 3 శాతమేనని తేలింది. అసలు బాధ వేరే చోట ఉంది. 6 నుంచి 14 ఏళ్ళ ముస్లిం పిల్లల్లో 25 శాతం మంది బడి మొహమే చూడలేదు, లేదా మధ్యలో మానేశారు. ఇంటింటికీ తిరిగి అడిగినవారు ఉన్నారు కనుకనే ఈ నిజం బయటపడింది. అందువల్ల ఎవరైనా విద్యార్థి ప్రశ్నల కాగితం పట్టుకుని మన గుమ్మం ముందుకు వస్తే విసుక్కోకుండా, దాచకుండా జవాబు చెప్పడం మన బాధ్యత.

ఆ కాగితం మన పిల్లల చేతికి రావాలి

1998లో హైదరాబాదులో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో బి.ఇడి., ఎం.ఇడి., పిహెచ్.డి. వరకు విద్యాశాస్త్రాన్ని ఉర్దూలో చదివే అవకాశముంది. ఎం.ఇడి. విద్యార్థి ఒక ప్రశ్నను ఎన్నుకుని, బడులకు వెళ్ళి, పిల్లలను, ఉపాధ్యాయులను కలిసి, వివరాలు సేకరించి సిద్ధాంత వ్యాసం రాయాలి. మూడు భాషల మధ్య పెరిగే మెదక్ పిల్లల సంగతి, ఆ మూడు భాషల మధ్యే పెరిగిన అమ్మాయి కంటే బాగా ఎవరికి తెలుస్తుంది?

బద్ర్ యుద్ధంలో బందీలైన అక్షరాస్యులు తలా పదిమంది మదీనా పిల్లలకు చదువు చెప్పి విడుదల పొందారని చరిత్రకారులు రాశారు. బోధించేవారికి ఆనాడు దక్కిన విలువ అది. డాక్టరు, ఇంజనీరు కావాలని కోరుకున్నట్లే మన పిల్లలు ఉపాధ్యాయులు, విద్యా పరిశోధకులు కావాలని కూడా కోరుకుందాం.

అంతవరకు ప్రతి ఇంట్లో చేయదగిన పనులు మూడు ఉన్నాయి. పిల్లల మాధ్యమాన్ని మాటిమాటికీ మార్చకండి. రోజూ కాసేపు ఇంటి భాషలో వారిచేత చదివించి, చదివినది చెప్పించండి. మార్కులు తగ్గితే బడి మాన్పించే ముందు ఉపాధ్యాయుని కలిసి, ఇబ్బంది విషయంలోనా, భాషలోనా అని అడగండి. భాషలోనే అయితే ఓపిక పట్టండి. ఆ పిల్లకు కావలసింది మరికొంత కాలం మాత్రమే.