మద్యనిషేధము, అమ్మకపు పన్ను, రాష్ట్ర బడ్జెటు

రాష్ట్ర ప్రభుత్వము ఏటేట శాసనసభ యెదుట నుంచు ఆయవ్యయ పత్రమును ప్రజలు తరచుగా వ్యయపు పద్దులనుండి చదువుదురు. ఏ పథకమునకెంత, ఏ జిల్లాకెంత యని విచారింతురు. ఆదాయపు పద్దులను చూచువారు అరుదు. కాని ఎవరినుండి, ఏ వస్తువుపై, ఎంత రాబట్టవచ్చునో తేలినపిదపగాని ఏ ఆశయము కార్యరూపము దాల్చగలదో తేలదు. ఒక పన్నును వదలుకొన్న ప్రభుత్వము మరియొక పన్నును వెదకుకొనవలసినదే. లేదా ఒక కార్యమును మానుకొనవలసినదే.

ఇందుకు చక్కని నిదర్శనము తెలుగువారు తరతరములుగా నివసించుచున్న సేలము సీమలోనే కలదు. నేడు ప్రత్యేక జిల్లాగానున్న కృష్ణగిరి, దానిలోని హోసూరు ప్రాంతము నాడు సేలము జిల్లాలోనివే. 1935వ సంవత్సరపు భారత ప్రభుత్వ చట్టము ననుసరించి 1937 ఏప్రిలు 1వ తేదీనుండి రాష్ట్రములకు స్వపరిపాలన లభించెను. ఆ సంవత్సరము జూలైలో చెన్నరాష్ట్రమున చక్రవర్తి రాజగోపాలాచారి మంత్రివర్గము ఏర్పడి, అక్టోబరు 1వ తేదీనుండి సేలము జిల్లాలో మద్యనిషేధమును అమలుపరచెను. 1938లో చిత్తూరు, కడప జిల్లాలకును, 1939లో ఉత్తరార్కాటు జిల్లాకును నిషేధము విస్తరించెను.

నాటి చెన్నరాష్ట్ర ఖజానాకు భూమిశిస్తు, ఆబ్కారీ రాబడి రెండు ప్రధాన స్తంభములు. కల్లు, సారా దుకాణములు మూతపడిన ప్రతి జిల్లాలోను రెండవ స్తంభము కొంత కూలెను. నిషేధమును కాపాడుటకు అదనపు వ్యయము కూడ తోడయ్యెను. లోటును పూడ్చుటకు భూమిశిస్తును పెంచుదమన్న, ఆర్థికమాంద్యమున పంటల ధరలు పడిపోయి రైతులు శిస్తు తగ్గింపునే కోరుచుండిరి. అప్పు తెత్తమన్న, ఏటేట కలుగు లోటును అప్పుతో ఎంతకాలము పూడ్చగలరు? ఇక మిగిలినది క్రొత్త పన్ను. 1935 చట్టము సరకుల అమ్మకముపై పన్ను విధించు అధికారమును రాష్ట్రములకొసగియుండెను. దాని నాధారము చేసికొని 1939లో సాధారణ అమ్మకపు పన్ను చట్టము వెలువడెను. సరకులన్నిటికిని సాధారణముగా వర్తించు అమ్మకపు పన్నును మనదేశమున మొదట విధించినది చెన్నరాష్ట్రమే.

ఈ మార్పువలన భారము ఎవరిపై పడినదో గమనింపదగును. పన్నును ప్రభుత్వమునకు చెల్లించువాడు వర్తకుడు. దానిని ధరలో కలిపి రాబట్టుకొనునది కొనుగోలుదారునినుండి. త్రాగుడు మానినవాడు ఆబ్కారీ పన్నును తప్పించుకొనగలడు. బట్ట కొనకుండ ఎవడును ఉండలేడు. అయినను ఆబ్కారీ రాబడిలో అధికభాగము కూలివాని చేతినుండి వచ్చునదే కావున, నిషేధమువలన అతని యింట మిగిలిన సొమ్ముతో పోల్చిన ఈ క్రొత్త పన్ను స్వల్పమని నిషేధవాదులు చెప్పవచ్చును. రెండు వాదములలోను సత్యము కలదు. ఒక వర్గము చెల్లించినదానిని అందరికిని పంచి వేయుటయే ఈ విధానపు స్వరూపము.

తరువాతి కాలమున నిషేధము సడలినను అమ్మకపు పన్ను తొలగలేదు. అన్ని రాష్ట్రములును దానిని అనుసరించెను; క్రమముగా అదియే వాని సొంత రాబడిలో ప్రధానమయ్యెను. 1953లో ఏర్పడిన ఆంధ్రరాష్ట్రమునకు నిషేధము వారసత్వముగా వచ్చెను. 1954 నవంబరులో ఆ సమస్యపైననే టంగుటూరి ప్రకాశం మంత్రివర్గము ఒక్క వోటు తేడాతో పడిపోయెను. ఆంధ్రప్రదేశమున 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సాగించిన సారా వ్యతిరేకోద్యమ ఫలితముగా 1993లో సారా నిషిద్ధమయ్యెను. 1995 జనవరిలో నందమూరి తారక రామారావు ప్రభుత్వము సంపూర్ణ నిషేధమును విధించెను. కిలో రెండు రూపాయల బియ్యపు పథకము, మద్యనిషేధము ఒకే ఖజానాపై ఆధారపడవలసివచ్చెను. 1996లో చంద్రబాబునాయుడు ప్రభుత్వము బియ్యపు ధరను మూడున్నర రూపాయలకు పెంచెను. 1997లో నిషేధమును సడలించెను. తమిళనాడులోను 1971లో సడలించి, 1974లో మరల విధించి, 1981లో తిరిగి తొలగించిరి. 2003నుండి చిల్లర అమ్మకమును ప్రభుత్వ సంస్థయే నిర్వహించుచున్నది.

2017 జూలై 1వ తేదీన వస్తుసేవల పన్ను అమలులోనికి వచ్చుటతో 1939లో ఆరంభమైన స్వాతంత్ర్యము చాలవరకు ముగిసెను. ఇప్పుడు కేంద్ర రాష్ట్ర మంత్రులు కూడిన మండలి సిఫారసుల ననుసరించి రేట్లు నిర్ణయమగుచున్నవి. ఏటికి 14 శాతము పెరుగుదల లెక్కతో రాష్ట్రములకు హామీయైన నష్టపరిహారము అయిదేండ్లకు, అనగా 2022 జూనుతో, ముగిసినది. రాష్ట్రము తానుగా హెచ్చించుకొనదగిన ప్రధానమైన పన్నులలో మిగిలినవి మద్యము, పెట్రోలు, డీజిలు, స్టాంపులు, వాహనములు, విద్యుత్తు మొదలగు కొలదివాటిపై పన్నులే. క్రొత్త పథకమునకు సొమ్ము కావలసినపుడు చేయి మరల కల్లుదుకాణపు వైపునకే పోవుటకు కారణమిదియే.

వ్యయమునకును ఒక క్రమము కలదు. ఉద్యోగుల జీతములు, పింఛనులు, అప్పులపై వడ్డీలు ముందుగా చెల్లింపవలెను. రాబడి తగ్గినపుడు పనిలోనున్నవారి జీతము నాపుట కష్టము; ఖాళీయైన ఉద్యోగమును నింపకుండుట సులభము. అల్పసంఖ్యాక భాషల పాఠశాలలకు ఈ విషయమే ముఖ్యము. 1956లో రాజ్యాంగమున చేర్చబడిన 350-ఏ అధికరణము ప్రాథమికదశలో మాతృభాషయందు బోధనకు తగిన సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములను ఆదేశించుచున్నది; కాని అందుకై ప్రత్యేక నిధిని చూపలేదు. తమిళనాడులోగాని, ఒడిశాలోగాని తెలుగు ఉపాధ్యాయుని జీతము ఆ రాష్ట్ర ఆదాయమునుండి రావలసినదే. ఒక ఉపాధ్యాయుడు విరమించినపిదప ఆ స్థానము నింపబడనిచో బడ్జెటులో మిగులునది అత్యల్పమైన మొత్తము. పాఠశాలలో పోవునది ఒక తరగతి పిల్లల చదువు.

కనుక ఉపాధ్యాయులను కోరుచు విజ్ఞాపనపత్రములు సమర్పించు సంఘములు రాజ్యాంగపు అధికరణముతోపాటు ఆ యేటి బడ్జెటులోని ఆదాయపు పద్దులను కూడ చదువుట అవసరము. ఎన్ని స్థానములు ఖాళీగానున్నవి, వానికెంత వ్యయమగును, ఆ సొమ్ము ఏ పద్దునుండి రాదగును అని లెక్కతో అడిగినవారికి సానుభూతివాక్యములతో సరిపుచ్చుట ఏ ప్రభుత్వమునకైనను అంత సులభము కాదు.