వరుస పిలుపులు – ఆబ్జెక్ట్ నమూనాల పరిమితి

కడప జిల్లా పెండ్లిమర్రిలో ఒక కుటుంబం తన బంధువుల పట్టికను కంప్యూటర్‌లో నమోదు చేయదలచిందనుకుందాం. జావా వంటి భాషల్లో ప్రోగ్రాం నడిచే వేళ ఏ పద్ధతి పనిచేయాలో ఒకే ఆబ్జెక్టు తరగతి నిర్ణయిస్తుంది. తెలుగు వరుసలు దీనికి లొంగవు. మేనమామ కూతురు పెద్దదైతే వదిన, చిన్నదైతే మరదలు. ఆ పిలుపు ఆమెకూ చెందదు, పిలిచేవారికీ చెందదు, ఇద్దరి నడుమ ఏర్పడుతుంది.

కామన్ లిస్ప్ ఆబ్జెక్ట్ వ్యవస్థ, 2012లో వెలువడిన జూలియా భాష ఈ కారణంగానే ఆకర్షిస్తాయి. అవి పద్ధతిని ఆబ్జెక్టు నుండి విడదీసి, పాల్గొన్న అన్నింటి రకాలనూ చూస్తాయి. అయితే వయసుల తారతమ్యం రకం కాదు. 1998లో ఎర్న్‌స్ట్, కాప్లన్, ఛేంబర్స్ ప్రతిపాదించిన ‘ప్రెడికేట్ డిస్పాచింగ్’లో ఏ షరతునైనా ఎంపికకు ఆధారం చేసుకోవచ్చు, రెండు షరతులు పొసగినప్పుడు మరింత నిర్దిష్టమైనది నెగ్గుతుంది.

అసలు చిక్కు మేనరికంతో వస్తుంది. అక్కను మేనమామకిస్తే తమ్మునికి అతడు మామ, బావ కూడా. రెండు షరతులూ నిజమే. ఏదీ మరొకదానికంటే నిర్దిష్టం కాదు. కామన్ లిస్ప్‌లో రెండు మాతృతరగతులున్నప్పుడు ముందు పేర్కొన్నది చప్పుడు లేకుండా నెగ్గుతుంది. ప్రెడికేట్ డిస్పాచింగ్ దీన్ని సందిగ్ధ దోషంగా పరిగణిస్తుంది. బంధువుల పట్టికకు ఈ మొండితనమే మేలు: ‘మామ అయిన బావ’కు ప్రత్యేక నియమం రాయక తప్పదు, అందులో ఏ పిలుపు ఉండాలో ఇంటివారిని అడగకా తప్పదు.