మంచు లేని పదకొండు నెలలు

స్కీయింగ్ గురించి సికింద్రాబాద్‌లో కూర్చుని రాయడమేంటి అని మీకు నవ్వు రావచ్చు. మన ఊళ్ళో చలికాలం అంటే పొద్దున్నే పాల ప్యాకెట్‌కి వెళ్ళేటప్పుడు స్వెటర్ వేసుకోవడం, అంతే. మంచు కావాలంటే ఫ్రిజ్ తలుపు తీయాలి.

అయినా ప్రతి జనవరిలో మన క్లాస్‌మేట్స్ వాట్సాప్ స్టేటస్‌లు చూడండి. సోలాంగ్ లోయలో అద్దె కోటు, అద్దె బూట్లు, చేతిలో రెండు కర్రలు, కింద "స్కీయింగ్ లవర్" అని ఒక మాట. ఇందులో తప్పేం లేదు. మంచు చూసి సంబరపడని మనిషి ఉండడు. కాకపోతే ఆ పది నిమిషాల సరదాకీ, జీవితమంతా స్కీయింగ్‌నే పట్టుకుని వేలాడేవాళ్ళ పిచ్చికీ తేడా ఎక్కడుంది? నాకు అర్థమైనంతవరకు ఆ తేడా మంచు మీద కనపడదు. మంచు లేని పదకొండు నెలల్లో ఆ మనిషి ఏం చేస్తున్నాడో చూస్తేనే తెలుస్తుంది.

మద్రాసులో పుట్టిన మంచు పిచ్చోడు

ఒలింపిక్స్‌లో జెండా కర్రల మధ్య అటూ ఇటూ మెలికలు తిరుగుతూ దిగే పోటీని స్లాలమ్ అంటారు. ఇవాళ మనం చూస్తున్న స్లాలమ్‌కి రూపం ఇచ్చిన ఆర్నాల్డ్ లన్ ఎక్కడ పుట్టాడో తెలుసా? మద్రాసులో, 1888లో. అప్పటికి మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాయి. వాళ్ళ నాన్న అక్కడికి మిషనరీగా వచ్చాడు. కుటుంబం తొందరగానే ఇంగ్లండ్ తిరిగి వెళ్ళిపోయింది.

1909లో లన్ వేల్స్‌లో కొండ ఎక్కుతూ పడిపోయాడు. కాలు ఎంత దెబ్బతిందంటే, మానాక కూడా అది రెండో కాలికంటే పొట్టిగానే ఉండిపోయింది. స్కీయింగ్‌కి రెండు కాళ్ళ బ్యాలెన్సే ప్రాణం. ఇంకొకరైతే అక్కడితో వదిలేసేవాళ్ళు. ఈయన మాత్రం ఆ కాలితోనే స్కీయింగ్ చేస్తూ, 1911లో స్విట్జర్లాండ్‌లో కొండ పైనుంచి కిందకి దిగే పందెం పెట్టించాడు. ఆ కప్పు పేరు "రాబర్ట్స్ ఆఫ్ కందహార్". ఆ లార్డ్ రాబర్ట్స్ అంతకుముందు మద్రాసు సైన్యానికి సర్వసేనాని. అలా మన పక్కనుంచి వెళ్ళిన పేర్లే ఆల్ప్స్ కొండల్లో తేలాయన్నమాట.

1922లో మ్యూరెన్ అనే ఊళ్ళో లన్ స్లాలమ్‌కి కొత్త పద్ధతి పెట్టాడు. అంతకుముందు ఎంత అందంగా తిరిగాడు అని మార్కులు వేసేవాళ్ళు. లన్ వచ్చి, స్టైల్‌కి మార్కులెందుకు, ఎవరు ముందు దిగితే వాళ్ళే గెలిచినట్టు అన్నాడు. ఈ దిగే పోటీలను గుర్తించమని అధికారుల వెంట ఏళ్ళ తరబడి తిరిగాడు. చివరికి 1936 ఒలింపిక్స్‌లో అవి చేరాయి. ఆయన స్కీల మీద గడిపిన సమయం కంటే ఉత్తరాలు, నిబంధనలు, పుస్తకాలు రాస్తూ కుర్చీలో గడిపిందే ఎక్కువ ఉంటుందేమో. నిజమైన పిచ్చి ఇలాగే ఉంటుంది. ఆటలో బోరు కొట్టే భాగాన్ని కూడా మోస్తుంది.

భయం వేసిన వైపే వంగాలి

ఇప్పుడు కొంచెం మన సబ్జెక్టులోకి వద్దాం. 30 డిగ్రీల వాలు మీద నిలబడితే గురుత్వాకర్షణలో సగం మనల్ని కిందకి లాగుతుంది. మైనం పూసిన స్కీకి, మంచుకి మధ్య ఘర్షణ చాలా తక్కువ. కాబట్టి వేగం రావడం పెద్ద విషయం కాదు, అదే వస్తుంది. ఆగడం, తిరగడం నేర్చుకోవాలి.

స్కీని పైనుంచి చూస్తే మధ్యలో సన్నగా, రెండు చివర్ల వెడల్పుగా ఉంటుంది. ఈ వంపుని సైడ్‌కట్ అంటారు. స్కీని పక్కకి వంచితే దాని ఉక్కు అంచు మంచులో దిగబడి, స్కీ విల్లులా వంగి, తనంతట తానే మలుపు తీసుకుంటుంది. సైడ్‌కట్ వ్యాసార్థం 16 మీటర్లు అనుకోండి. గట్టి మంచు మీద 60 డిగ్రీలు వంచితే మలుపు వ్యాసార్థం దాదాపు 8 మీటర్లకి తగ్గుతుంది. కాస్ 60 అంటే సగం కదా, అదే లెక్క.

లెక్క సులువే, ఒళ్ళే మాట వినదు. వాలు చూడగానే భయంతో మనిషి వెనక్కి వాలతాడు. వెనక్కి వాలితే బరువు స్కీ ముందు భాగం మీదనుంచి పోతుంది. అప్పుడు స్కీ తిరగదు, ఇంకా వేగంగా పోతుంది. అంటే కాపాడుతుందనుకున్న పనే కొంప ముంచుతుంది. మలుపు తిరగాలంటే ఏ లోయని చూసి భయం వేస్తుందో ఆ వైపుకే ఒళ్ళు వంచాలి. మొదటి రోజు ఇన్‌స్ట్రక్టర్ నేర్పేది స్కీల ముందు కొసలు దగ్గరికి తెచ్చి, వెనక కొసలు విడదీసి, నాగలి కర్రులా పెట్టి ఆగడం. ఆ ఒక్కటి వచ్చేసరికే ఎన్నిసార్లు పడతారో లెక్క ఉండదు. స్కీలతో పడి లేవడం కూడా ఒక విద్యే. రెండు స్కీలని వాలుకి అడ్డంగా పెట్టుకోకుండా లేస్తే, లేచిన సెకనులోనే మళ్ళీ జారుతారు.

సామాను మీద ప్రేమ

రాత్రి హోటల్‌కి వచ్చాక ఎవరు ఏం చేస్తున్నారో చూస్తే కూడా అసలు మనుషులు తెలిసిపోతారు. ఒకళ్ళు రీల్ ఎడిట్ చేసుకుంటారు. ఇంకొకళ్ళు స్కీల అంచులకి ఆకురాయి పెట్టి, అడుగున వేడి ఇస్త్రీపెట్టెతో మైనం కరిగించి పూసి, చల్లారాక గీకి, బ్రష్ కొడతారు. రేపటి మంచు ఎంత చల్లగా ఉంటుందో దాన్నిబట్టి మైనం మారుతుంది. బాగా చల్లటి మంచుకి గట్టి మైనం, తడి మంచుకి మెత్తనిది. ఒకప్పుడు ఫ్లోరిన్ కలిసిన మైనం అందరికంటే బాగా జారేది. అది నేలలో, నీళ్ళలో ఏళ్ళ తరబడి పోకుండా ఉండిపోతుందని 2023-24 సీజన్ నుంచి అంతర్జాతీయ స్కీ సమాఖ్య పోటీల్లో నిషేధించింది. కెమికల్ బ్రాంచ్ వాళ్ళు దీని గురించి మాకు ఇంకా బాగా చెప్పొచ్చు.

బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగ్ ఇంకో ముఖ్యమైన విషయం. పడినప్పుడు అది ఊడిపోవాలి, లేకపోతే మోకాలు మెలితిరుగుతుంది. నడుస్తుండగా ఊడిపోకూడదు. ఎంత బిగువు పెట్టాలనేది మనిషి బరువు, ఎత్తు, వయసు, బూటు పొడవు, ఎంత వచ్చు అన్నదాన్నిబట్టి ఉంటుంది. అద్దె షాపులో ఈ వివరాలు అడగకుండా స్కీలు చేతిలో పెడితే, మీరే అడిగి పెట్టించుకోండి. ఇది మోకాలి సంగతి, మొహమాటపడొద్దు.

వెనక్కి తిరగడం వచ్చినవాళ్ళు

2024 జనవరిలో గుల్మార్గ్‌లో మంచు లేక వాలులన్నీ గోధుమ రంగులో కనపడ్డాయి. ఆ ఫొటోలు దేశమంతా చూసింది. నెలాఖరు నుంచి మంచు కురిసింది. జనం ఎగబడ్డారు. ఫిబ్రవరి 22న అక్కడి పై వాలుల్లో మంచు చరియ విరిగిపడి ఒక రష్యన్ స్కీయర్ చనిపోయాడు.

మంచు ఒకే ముద్ద కాదు, పొరలు పొరలుగా ఉంటుంది. పల్చటి మంచు పొర చాలా రోజులు చలిలో అలాగే ఉండిపోతే, దాని రేణువులు పంచదార పలుకుల్లా మారి ఒకదానికొకటి అతుక్కోవు. దాని మీద ఒక్కసారిగా భారీగా కొత్త మంచు పడితే, చక్కెర పరిచి దాని మీద పలక పెట్టినట్టే. ఒక్క మనిషి బరువుకి ఆ పలక మొత్తం విరిగి జారొచ్చు. ఎక్కువ చరియలు 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లోనే విరుగుతాయి. స్కీయర్లకి ఎక్కువ ఇష్టమైన వాలులూ అవే. కూరుకుపోయిన మనిషిని పది, పదిహేను నిమిషాల్లో బయటకి తీయకపోతే ఆశ వేగంగా తగ్గిపోతుంది. అందుకే హద్దులు దాటి వెళ్ళేవాళ్ళ దగ్గర సిగ్నల్ ఇచ్చే ట్రాన్సీవర్, గుచ్చి వెతికే కడ్డీ, పార ఉండాలి. పక్కన వాటిని వాడటం తెలిసిన స్నేహితుడూ ఉండాలి.

ఏడాదంతా డబ్బు కూడబెట్టి, రెండు రోజులు ప్రయాణం చేసి, లిఫ్ట్ ఎక్కి పైకి వెళ్ళాక "ఇవాళ వద్దు" అని దిగి వచ్చేయడం చాలా కష్టం. ఆ మాట అనగలిగినవాళ్ళే పదేళ్ళ తర్వాత కూడా స్కీయింగ్ చేస్తుంటారు. ప్రాణాలకి తెగించడాన్ని అంకితభావం అనుకునేవాళ్ళు ఈ ఒక్క పేరా రెండుసార్లు చదవాలని నా కోరిక.

45వ స్థానం

2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో మన దేశం నుంచి వెళ్ళింది ఒకే ఒక్క ఆటగాడు, కశ్మీర్‌కి చెందిన ఆరిఫ్ ఖాన్. వాళ్ళ నాన్నకి గుల్మార్గ్‌లో స్కీ సామాను షాపు ఉండేది. జెయింట్ స్లాలమ్ రోజు మంచు విపరీతంగా కురిసి ముందు ఏముందో కనపడని పరిస్థితి. చాలామంది మధ్యలోనే పోటీ నుంచి బయటపడ్డారు. ఆరిఫ్ రెండు రన్‌లూ పూర్తి చేసి 45వ స్థానంలో నిలిచాడు. మూడు రోజుల తర్వాత స్లాలమ్‌లో ముగింపు దాకా రాలేకపోయాడు.

45 అంటే మనకి పెద్దగా అనిపించదు, మనం ర్యాంకులతో పెరిగినవాళ్ళం కదా. కానీ ఇంటి దగ్గర ఏడాదిలో కొన్ని నెలలే మంచు ఉండే మనిషి, పుట్టినప్పటినుంచి స్కీల మీదే తిరిగే దేశాలవాళ్ళతో నిలబడ్డాడు. పైగా ఆ కొన్ని నెలల మీద కూడా ఇప్పుడు నమ్మకం లేదు. 2025 ఫిబ్రవరిలో గుల్మార్గ్‌లో జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల పోటీలు మంచు చాలక మార్చికి వాయిదా పడ్డాయి. ఈ ఆటని ప్రేమించడమంటే కరిగిపోతున్న దాన్ని ప్రేమించడం కూడా.

మరి మన సికింద్రాబాద్‌లో?

మనకి మంచు లేదు కానీ, మన బడుల్లో స్కీయింగ్ శిక్షణ ఎప్పుడో ఇచ్చేశారు. హోమ్‌వర్క్ చేయనందుకు వేయించిన గోడకుర్చీ గుర్తుందా? గోడకి వీపు ఆనించి, కుర్చీ లేకుండా కూర్చోవడం. ప్రపంచమంతా స్కీయర్లు సీజన్‌కి ముందు తొడల బలం కోసం చేసే వ్యాయామం అదే. గుంజీలు కూడా అంతే. మౌలాలి గుట్ట మెట్లు ఎక్కి దిగితే, ముఖ్యంగా దిగేటప్పుడు, మోకాళ్ళకి వాలు అలవాటవుతుంది. ఇన్‌లైన్ స్కేట్స్ మీద అంచు మార్చి తిరగడం వస్తే మంచు మీద సగం భయం పోతుంది.

"ఇక్కడ ప్రాక్టీస్ చేసి అక్కడ ఏం పీకుతాం" అనేవాళ్ళకి మన పక్కనే జవాబుంది. సికింద్రాబాద్ నుంచి కాజీపేట రైల్లో వెళ్తే దారిలో భువనగిరి ఏకశిల కనపడుతుంది. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ బండ ఎక్కడం నేర్చుకుంది ఆ ఎండ బండ మీదే. తర్వాత డార్జిలింగ్, లడఖ్‌లలో శిక్షణ తీసుకుంది. 2014 మే 25న, పద్నాలుగేళ్ళు కూడా నిండకుండానే ఎవరెస్ట్ మీద నిలబడింది. వెంట ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ ఉన్నాడు. మంచు మీద పనికొచ్చిన కాళ్ళు నలభై డిగ్రీల ఎండలో తయారయ్యాయి.

నిజంగా నేర్చుకోవాలనుకుంటే దారి ఉంది. మనాలిలోని అటల్ బిహారీ వాజ్‌పేయి పర్వతారోహణ సంస్థ, గుల్మార్గ్‌లోని భారతీయ స్కీయింగ్ పర్వతారోహణ సంస్థ, ఔలీలో గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ స్కీయింగ్ కోర్సులు నడుపుతాయి. ప్రైవేటు ప్యాకేజీల కంటే ఇవి మన జేబుకి దగ్గర. సీట్లు తక్కువ, కాబట్టి మంచు పడకముందే దరఖాస్తు చూసుకోవాలి. సెమిస్టర్ పరీక్షలు ఎప్పుడో కూడా.

ఈ ఏడాది వెళ్ళే ఆలోచన ఉన్నవాళ్ళు ఇవాళ రాత్రే హాస్టల్ గోడకి ఆనుకుని గోడకుర్చీ వేసి, ఫోన్‌లో టైమర్ పెట్టండి. మొదటి రోజు ఒక నిమిషం దాటితే గొప్పే. ఆ అంకె రాసిపెట్టుకుని రేపు ఇంకో ఐదు సెకన్లు కలపండి. రూమ్మేట్ నవ్వుతాడు, నవ్వనివ్వండి. డిసెంబర్ దాకా మానకుండా ఉంటే, కోర్సులో మిమ్మల్ని స్కీయర్ అని పిలవడానికి ఇన్‌స్ట్రక్టర్‌కి పెద్దగా ఆలోచించాల్సిన పని ఉండదు.