ఈనిన గేదె కూలబడిందా? పాలజ్వరం కావచ్చు!

"నిన్న బాగానే ఈనిందండీ, తెల్లారేసరికి లేవడం లేదు" అంటూ రైతులు పశువుల ఆసుపత్రికి పరుగెత్తడం చూస్తుంటాం. పశువు మేత మాని, తూలి పడి, చెవులు చల్లబడి, తల డొక్కవైపు తిప్పి పడుకుంటే అది చాలావరకు పాలజ్వరమే. పేరుకే జ్వరం, ఒళ్ళు మాత్రం చల్లబడుతుంది. పాలు బాగా ఇచ్చే పశువులకు, మూడో ఈత నుంచి, ఈనిన మూడు రోజుల్లోపు ఇది ఎక్కువగా వస్తుంది.

ఎందుకు వస్తుంది?

లీటరు జున్నుపాలలో సుమారు 2 గ్రాముల కాల్షియం పోతుంది. పెద్ద ఆవు నెత్తురులో ఉండేదే 3 గ్రాములకు అటూ ఇటూ. ఈ లోటు పూడ్చడానికి గొంతు దగ్గరున్న పారాథైరాయిడ్ గ్రంథులు ఒక హార్మోను విడుదల చేస్తాయి. అది ఎముకల నుంచి కాల్షియం తీయిస్తుంది. మూత్రంలో పోబోయే కాల్షియాన్ని మూత్రపిండాలు వెనక్కి లాగేలా చేస్తుంది. ఆ మూత్రపిండాల్లోనే 'డి' విటమిన్ పనిచేసే రూపానికి మారి, పేగులు మేతలోని కాల్షియాన్ని ఎక్కువగా పీల్చుకునేలా చేస్తుంది. ఇదంతా పుంజుకోవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది.

పొరపాటు ఎక్కడ?

బలమని చూడి చివరి నెలలో రోజూ కాల్షియం మందు పోస్తుంటారు. నెత్తురులో అది నిండుగా ఉంటే గ్రంథులకు పనుండదు. తీరా ఈనాక అవసరం ముంచుకొస్తే అవి వెంటనే అందుకోలేవు. పొటాష్ ఎక్కువగా ఉన్న పచ్చిమేత, మెగ్నీషియం లోపం కూడా ఈ హార్మోను పనిని మందగింపజేస్తాయి.

ఏం చేయాలి?

* ఈనడానికి మూడు నాలుగు వారాల ముందు నుంచి, డాక్టరు చెప్తే తప్ప విడిగా కాల్షియం పోయవద్దు. లూసర్న్ వంటి పప్పుజాతి మేత తగ్గించాలి. ఖనిజ లవణ మిశ్రమం ఏది, ఎంత అన్నది డాక్టరునే అడగాలి.
* ఈనే సమయంలో, ఈనాక కాల్షియం ఇవ్వడం ఆయన సలహాపై మొదలుపెట్టాలి.
* పడిపోయిన పశువు నోట్లో ఏమీ పోయరాదు. ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తీస్తుంది.
* పక్కకు ఒరగకుండా గడ్డి కుక్కిన గోనెసంచులు ఆనించి, రొమ్ముమీద కూర్చోబెట్టాలి.
* కాల్షియం సెలైన్ నరానికి డాక్టరే నెమ్మదిగా ఎక్కించాలి. తొందరపడి ఎక్కిస్తే గుండె ఆగిపోవచ్చు.

వేళకు వైద్యం అందితే చాలా పశువులు కొన్ని గంటల్లోనే లేచి నిలబడతాయి. ఉన్న ఒక్క గేదె మీదే ఇల్లు గడిచే రైతు 'రేపు చూద్దాంలే' అనుకోకూడదు.